నవల మధ్యలో ఆగిపోయిన ఊ

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే మర్యాదకు తలాడించి, ఇంటికొచ్చాక నవ్వుకునే రకం నేను. బేగంపేటలో ఒక బీమా ఆఫీసులో పనిచేస్తాను. ఎవరేం చెప్పినా కాగితం చూపించమని అడగడమే నా ఉద్యోగం. అలాంటి నాకు జరిగిందిది. నమ్మమని అడగను, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది గుంటూరు వైపు. పెళ్ళై సీతాఫల్‌మండి వచ్చాను. మావారు రవీందర్‌కు కరెంటు సామాన్ల షాపుంది. నేను నవలలు రాస్తాను. రెండు అచ్చయ్యాయి. మావారు ఆ రెండింటి అట్టలు చూసి, "బొమ్మ మంచిగున్నది" అన్నారు. అంతకు మించి వాటి జోలికి పోలేదు.

వాటిని పూర్తిగా విన్నది మావారి నాన్న, మా మామయ్య. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. చూపు మందగించి అచ్చక్షరాలు కనబడేవి కావు. అందుకని నేను రాసిందల్లా శనివారం మధ్యాహ్నాలు ముందుగదిలో కూర్చుని ఆయనకు చదివి వినిపించేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని ఊ కొట్టేవారు.

ఆ ఊ అందరూ కొట్టేలాంటిది కాదు. గొంతులో మొదలై ముక్కులోకి ఎక్కి, చివర కాస్త పైకి లేచేది, "తర్వాత?" అని అడిగినట్టు. కథ నచ్చకపోతే ఒక్క మాటా అనేవారు కాదు. ఊ ఆగిపోయేది. కాసేపటికి, "బిడ్డా, జెర చాయ్ తాగుదమా?" అనేవారు. ఆ చాయ్‌కి అర్థం నాకు తెలుసు. ఆ భాగం తిరగరాసేదాన్ని.

పోయినేడు వానాకాలంలో మామయ్య నిద్రలోనే వెళ్ళిపోయారు.

మూడో నవల ఆ తర్వాతే మొదలుపెట్టాను. ఈ ముక్క గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే అందరూ మొదట అడిగేది ఇదే. ఆయన ఉండగా ఆ నవల ఊహ కూడా నాకు లేదు.

పైకి చదివితే తప్ప వాక్యం ఎక్కడ కుంటుతోందో నాకు తెలియదు. వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి, మావారు షాపులో ఉండే శనివారం మధ్యాహ్నాలు అదే ముందుగదిలో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ చదివేదాన్ని. సోమవారం ఆఫీసుకెళ్తూ మెట్రోలో వినేదాన్ని.

మొదటి అధ్యాయం వింటుంటే, పేరా చివర నేను ఊపిరి తీసుకున్న చోట "ఊఁ" అని వినబడింది.

ఫ్యాను అనుకున్నాను. తర్వాతి పేరా చివర మళ్ళీ వచ్చింది. అదే గొంతు, చివర అలాగే పైకి లేచింది. దిగాల్సిన స్టేషను దాటిపోయిందని కూడా చూసుకోలేదు.

ఆఫీసులో పక్క సీటు సుజాతకు ఏమీ చెప్పకుండా ఇయర్‌ఫోన్లు ఇచ్చి వినమన్నాను. ఆమె మా మామయ్యను ఎన్నడూ చూడలేదు. కాసేపు విని, "ఎవరో పెద్దాయన ఊ కొడుతున్నారే, మీ నాన్నగారా?" అంది. మా నాన్నగారి గొంతు అలా ఉండదు.

సాయంత్రం మావారికి వినిపించాను. చెప్పులు కూడా విడవకుండా కుర్చీలో కూలబడ్డారు. "గిది నాయిన ఉన్నప్పటిదా?" అన్నారు. కాదన్నాను. మళ్ళీ పెట్టమన్నారు. ఇద్దరికీ భయం వేయలేదు. బెంగ మాత్రం పెద్దదైంది.

నేను చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. కిటికీలు మూసి చదివాను. పైవాటా వాళ్ళు ఊరెళ్ళినప్పుడు చదివాను. మావారి ఫోన్ కూడా పక్కన పెట్టి రికార్డు చేశాను. రెండింట్లోనూ అదే చోట అదే ఊ ఉంది. చదువుతున్నప్పుడు మాత్రం గదిలో నాకేమీ వినబడేది కాదు.

మావారు ఆ రికార్డింగులు తన ఫోన్‌లోకి ఎక్కించుకుని షాపులో వినడం మొదలుపెట్టారు. ప్రతి శనివారం రాత్రి, "ఇయ్యాల చదివినవా?" అని అడిగేవారు.

నవల మౌలాలిలో కుట్టుమిషను షాపు నడిపే అక్కాచెల్లెళ్ళ కథ. మొదటి భాగం ఉత్సాహంగా నడిచింది. ముగింపు ఎలా ఉండాలో కూడా నాకు తెలుసు. నా తిప్పలన్నీ మధ్యలోనే. అక్కడ వానలు రాశాను, బతుకమ్మ రాశాను, జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చే ఆడవాళ్ళ కబుర్లు రాశాను. రాస్తున్నప్పుడు బాగానే ఉన్నట్టనిపించింది. రికార్డింగుల్లో ఊ పలచబడింది. తర్వాత పూర్తిగా ఆగిపోయింది. వింటే నా గొంతొక్కటే సాగిపోతోంది.

ఒక సాయంత్రం మావారు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. మొహం వాడిపోయి ఉంది.

"నాయిన లేసిపోయిండే."

స్టవ్ ఆపి ఆయన వైపు తిరిగాను.

"నీ కథ ఆయనకు బోర్ కొడ్తున్నది. జెర మంచిగ రాయరాదు."

పెళ్ళైనప్పటి నుంచి నా రాత గురించి ఆయన నన్నడిగింది అదొక్కటే. మామూలుగా నవల మధ్యలో చతికిలబడితే చదివేవాళ్ళు పుస్తకం పక్కన పెడతారు, అంతే. ఈసారి మా ఇంట్లో ఒక మనిషి రెండోసారి దూరమవుతున్నాడు.

కంగారులో ఏది పడితే అది రాశాను. కుట్టుషాపుకు నిప్పంటించాను. అక్కకు జబ్బు తెప్పించాను. చెల్లెలి కోసం ఎక్కడి నుంచో ఒక ప్రేమికుణ్ణి దింపాను. రికార్డు చేసి వింటే ఏమీ లేదు. "అగ్గి వెట్టినా సుత వింటలేడు" అని మావారు తలపట్టుకున్నారు.

నవల మొదటి నుంచి మళ్ళీ చదువుకున్నాను. మొదట్లో చెల్లెలికి తన పేరుతో సొంత షాపు కావాలి. ఆ మాట అక్కతో చెప్పే ధైర్యం లేదు. మధ్యకొచ్చేసరికి ఆ కోరికను నేనే మర్చిపోయాను. వానా పండగా ఎంత బాగా రాసినా, ఆ పేజీల్లో ఎవరికీ ఏమీ అక్కర్లేదు. ఎవరూ ఏదీ దాచడం లేదు. ఇక ఏం జరుగుతుందో అని ఎవరైనా ఎందుకు ఎదురుచూస్తారు?

నిప్పూ జబ్బూ ప్రేమికుడూ అన్నీ కొట్టేశాను. చెల్లెలు తన పేరుతో బోర్డు రాయించి మంచం కింద దాచిపెట్టిందని రాశాను. ఊడుస్తుంటే చీపురు తగిలి అక్క చూస్తుంది. దాన్ని చప్పుడు కాకుండా లోపలికి తోసేస్తుంది. అన్నాల దగ్గర చెల్లెలికి ఇంకాస్త కూర వేస్తుంది.

ఆ శనివారం చదివింది వినడానికి సోమవారం దాకా ఆగలేదు. మావారు రాగానే ఇద్దరం కూర్చుని విన్నాం. చాలాసేపు నా గొంతొక్కటే. మావారు చెయ్యి నా చేతి మీద పెట్టారు. అక్క బోర్డును లోపలికి తోసిన చోట రికార్డింగులో నేను ఆగాను.

"ఊఁ."

సన్నగా, లోపలి గదిలోంచి వచ్చినట్టు. కూర వడ్డించే చోట ఇంకా దగ్గరగా.

"వచ్చిండు" అన్నారు మావారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత ప్రతి అధ్యాయం మొదలుపెట్టే ముందు, ఇందులో ఎవరికేం కావాలి, ఎవరు ఎవరి దగ్గర ఏం దాస్తున్నారు అని చూసుకుని రాశాను. ఊ మళ్ళీ పోలేదు. ఆఖరి పేరా దాకా ఉంది.

నవల పూర్తయ్యాక మరో రెండు కథలు అదే గదిలో, అదే ఫోన్‌లో చదివాను. ఫ్యాను చప్పుడు, బయట కూరగాయల బండి అరుపు తప్ప వాటిలో ఏమీ లేదు. ఎందుకు వచ్చిందో, ఎందుకు ఆగిందో నేను చెప్పలేను. పోయినవాళ్ళు వస్తారని ఇప్పటికీ నమ్మను. ఆ గొంతు మామయ్యది కాదని కూడా అనలేను.

మావారు ఆ రికార్డింగులు ఇప్పటికీ షాపులో వింటూనే ఉంటారు. మొన్న ఉండబట్టలేక అడిగాను, ఇన్నిసార్లు విన్నారు కదా, అక్కాచెల్లెళ్ళ కథ ఎలా ముగిసింది, నచ్చిందా అని.

ఆయన తెల్లమొహం వేశారు.

"కథ ఎవరు విన్నరే? నేను నాయినను విన్న."