పచ్చోలి పూసుకున్న పెళ్ళిచూపులు

నేను నందిగామకి కాపురానికొచ్చిన కొత్తల్లో, అంటే డెబ్భైల చివర్లో, మా అత్తగారికి ఒకటే పిచ్చి ఉండేది. అత్తర్లు. చీరల కొట్టు ముందు ఆవిడ ఆగగా నేను చూడలేదు. బజార్లో ఎక్కడన్నా మంచి వాసన తగిలిందా, ఇక కాలు కదిలేది కాదు. ముక్కు పైకెత్తి నిలబడిపోయేవారు. వెనకొచ్చే సైకిళ్ళు బెల్లు కొట్టీ కొట్టీ పక్కనుంచి పోయేవి.

సీసాల్లో అమ్మే విదేశీ సెంట్లంటే ఆవిడకి గౌరవం లేదు. చెట్టు నుంచో, వేరు నుంచో, చెక్క నుంచో తీసినదైతేనే ముట్టుకునేవారు. ఏడాదికోసారి ఎండాకాలం ముందు ఒక అత్తరు సాయిబుగారు చెక్కపెట్టె పట్టుకుని మా వీధికొచ్చేవాడు. ఆయనొచ్చిన రోజు మా ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగేది.

ఆ ఏడు సాయిబుగారు గంధం, వట్టివేళ్ళు, దేవదారు, వీటితోపాటు కొత్తగా ఇంకోటి తెచ్చాడు. చిన్న సీసా, లోపల బెల్లం పాకంలా చిక్కటి నూనె.

"ఇది పచ్చోలి అమ్మగారూ. ఆకు ఎండబెట్టి తీస్తారు. శాలువాల పెట్టెలో ఒక్క చుక్క వేస్తే పురుగు పట్టదు" అన్నాడు.

అత్తగారు వాసన చూసి మూత పెట్టేశారు. ఆవిడ పద్ధతి వేరు. "సీసాలో చూస్తే సీసా సంగతే తెలుస్తుంది. మనిషికి పూసి పొద్దున్నించి సాయంత్రం దాకా తిప్పితేగానీ అత్తరు గుణం బయటపడదు" అనేవారు. తిరగాల్సిన మనుషులం మేం. మామయ్యగారికి ముక్కుపొడి అలవాటు కాబట్టి ఆయన్ని పరీక్షల నుంచి మినహాయించారు.

నాకు వట్టివేళ్ళు పూసి బడికి పంపారు. అప్పుడు నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. పిల్లలు మధ్యాహ్నం దాకా కిటికీలోంచి ఆకాశం వైపు చూస్తూనే ఉన్నారు. సాయంత్రం ఆ మాట చెప్తే అత్తగారు తలూపి తీర్పు చెప్పారు. "అంతే. ఇదిగో వాన, అదిగో వాన అని ఊరించి పడకుండా పోయినట్టుంటుంది. బాగుంది గానీ నమ్మకూడదు."

దేవదారు మా ఆడపడుచుకి పూశారు. "కొత్త బీరువాలో కూర్చోబెట్టి తలుపేసినట్టుందమ్మా" అంది ఆ పిల్ల. అత్తగారు ఒప్పుకున్నారు. గంధం ఆవిడే రాసుకుని, "పెద్దమనిషి. కాకపోతే రెండో మాట మాట్లాడడు" అని తేల్చేశారు.

పచ్చోలి మావారి వంతుకొచ్చింది. మావారు జగ్గయ్యపేటలో గుమాస్తా, రోజూ బస్సులో పోయిరావాలి. మహా నెమ్మది మనిషి. ఎవరేమడిగినా కాదనడం ఆయనకి చేతకాదు. ఆ పొద్దున అత్తగారు చొక్కా కాలరుకి చుక్క పెట్టబోతుంటే చిక్కటి నూనె ఎంతకీ జారలేదు. ఆవిడ సీసా వెనక ఒక్కటి తట్టారు. సగం సీసా ఆయన మెడ మీద పడింది. బస్సు టైమైపోయింది. అలాగే వెళ్ళిపోయారు.

అది మిరపకాయల సీజను. పేట బస్సులో బస్తాలు కూడా మనుషులతో సమానంగా ప్రయాణం చేసేవి, ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా అందరూ తుమ్మేవాళ్ళు. ఆరోజు ఒక్కరూ తుమ్మలేదట. మిరపకాయ ఘాటు పచ్చోలికి లొంగిపోయింది.

"ఎవరో బూజుపట్టిన పుస్తకాలు తీసుకెళ్తున్నారు" అన్నాడట ఒకాయన.

"కాదండీ, నేలమాళిగ తలుపు తీసినట్టుంది" అందట వెనక సీటావిడ.

కండక్టరు లేచి, "ఎవరి సంచిలోనన్నా పసరు మందుంటే టాపు మీద వేయండి, లేకపోతే బస్సు కదల్దు" అన్నాడట. అందరూ వంగి సీట్ల కింద వెతికారు. మావారు కూడా వాళ్ళతో పాటు వంగి వెతికారట.

"మీరెందుకు వెతికారండీ?" అన్నా నేను.

"అందరూ వెతుకుతుంటే నేనొక్కణ్ణే కూర్చుంటే బాగోదు కదా" అన్నారు.

అత్తగారు అంతా విని, "వర్షంలో తడిసిన గోనెపట్టాలో కర్పూరం చుట్టినట్టుంది. ఫెయిలు" అన్నారు. అక్కడితో అయిపోవాలి. కానీ పచ్చోలి వెళ్ళనంది. కుంకుడుకాయ పులుసుతో రుద్దా. శనగపిండి పట్టించా. చింతపండు కూడా అయింది. చివరికి మావారు పచ్చోలితో కలిపిన పులిహోరలా తయారయ్యారు. ఆయన కూర్చున్న కుర్చీ, పడుకున్న దిండు, తుడుచుకున్న తువ్వాలు, అన్నీ అదే వాసన.

సరిగ్గా అప్పుడే పేట నుంచి కబురొచ్చింది. మా ఆడపడుచుని చూసుకోవడానికి పెళ్ళివారు రేపే వస్తున్నారని.

అత్తగారు కంగారుపడ్డారు. "ఒరే అబ్బాయ్, వాళ్ళున్నంతసేపూ నువ్వు పెరట్లో ఉండు. ఈ వాసనకి ఏదో ముక్కిపోయిన ఇల్లనుకుంటారు" అన్నారు.

"సరే అమ్మా" అన్నారు ఆయన.

మర్నాడు పెళ్ళికొడుకు, వాళ్ళ నాన్నగారు, అమ్మగారు, నానమ్మగారు దిగారు. ఆ నానమ్మగారికి రెండు కళ్ళకీ శుక్లాలు. వెలుతురు తెలుస్తుంది, మనుషులు మసగ్గా కనపడతారు. ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆవిడదేనట. ఆవిణ్ణి గుమ్మం పక్కన పడక్కుర్చీలో కూర్చోబెట్టాం. పెళ్ళికొడుకు బిగుసుకుపోయి గోడ మీద క్యాలెండరు చదువుకుంటున్నాడు. మా ఆడపడుచుని చాప మీద కూర్చోబెట్టి, తలెత్తకూడదని అత్తగారు ముందే చెప్పి ఉంచారు. ఆ పిల్ల చాప తప్ప ఇంకేమీ చూడటం లేదు.

ఇంతలో వంటింట్లో నా చేతిమీద కాఫీ ఒలికింది. నేను చన్నీళ్ళలో చెయ్యి పెట్టుకుని నిలబడితే మావారు పెరట్లోంచి చూసి లోపలికొచ్చారు. గ్లాసుల పళ్ళెం తీసుకుని, నేను వద్దనేలోపు హాల్లోకి వెళ్ళిపోయారు.

నానమ్మగారి ముందు పళ్ళెం పట్టారో లేదో, ఆవిడ ముక్కు పైకి లేచింది. గ్లాసు వదిలేసి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"మా అత్తవారింట్లో పట్టుచీరల పెట్టె తీస్తే ఇదే వాసనొచ్చేది. ఎన్నాళ్ళయిందో. పెద్దింటి అలవాటు" అన్నారు. తర్వాత ఆయన అరచేతిని తడిమి, "చేతులు కాస్త మొద్దుగా ఉన్నాయి. పని చేసిన చేతులు, మంచిదే. వంట వచ్చామ్మా?" అన్నారు.

ఆవిడ తనని పెళ్ళికూతురనుకుంటున్నారని మావారికి అర్థమైంది. పెద్దావిణ్ణి నలుగుర్లో చిన్నబుచ్చడం ఎలాగా అని ఆలోచించారట.

"అన్నం వండటం వచ్చండి" అన్నారు.

"గొంతేమిటమ్మా అలా ఉంది? జలుబు చేసిందా?"

"అవునండి" అన్నారు మావారు, కాస్త దగ్గి.

"మా అల్లం పచ్చడి తింటే తగ్గిపోతుందిలే" అని ఆవిడ కొడుకు వైపు తిరిగి, "ఒరే, పిల్ల నాకు నచ్చింది. కాస్త పొడగరి, అయినా పర్లేదు" అన్నారు.

మా అత్తగారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. పెళ్ళికొడుకు నాన్నగారు నెమ్మదిగా, "అమ్మా, ఆయన పెళ్ళికూతురి అన్నగారే" అన్నారు. అప్పటికీ ఆవిడ చెయ్యి వదల్లేదు. "అలాగా. మరి చెప్పడేం?" అన్నారు.

ముందు నవ్వింది మా ఆడపడుచే. కొంగు నోట్లో కుక్కుకుంది గానీ ఆగలేదు. చాప మీద పక్కకి ఒరిగిపోయి కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. పెళ్ళికొడుకు క్యాలెండరు వదిలేసి ఆ పిల్ల వైపు చూశాడు. చూసి అతను కూడా నవ్వాడు. బిగుసుకుపోయి కూర్చున్నప్పుడు ఏదో స్తంభంలా ఉన్న మనిషి, నవ్వితే ఎంత కలుపుగోలుగా ఉన్నాడో. మాకందరికీ అప్పుడే నచ్చాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది కూడా అప్పుడే.

వెళ్ళేముందు నానమ్మగారు ఆ వాసన ఏమిటని అడిగారు. మా అత్తగారు గొంతు సవరించుకుని, "పచ్చోలి అండి. చాలా మేలైన సరుకు. మా ఇంట్లో అందరికీ మహా ఇష్టం" అన్నారు. నేను వంటింట్లోంచి ఆవిడ వైపే చూస్తున్నా. ఆవిడ నా వైపు చూడలేదు.

ఆ వేసవిలోనే పెళ్ళయింది. పీటల మీద దంపతులు కూర్చుంటే, కింద నానమ్మగారి పక్కన మావారు కూర్చోవాల్సొచ్చింది. ఆవిడ పట్టుబట్టి మళ్ళీ రెండు చుక్కలు పూయించారు. విందులో మావారి వరసలో కూర్చున్నవాళ్ళు పప్పులో ఏదో పడిందని వంటవాణ్ణి పిలిచి అడిగారు. వంటవాడు రుచి చూసి, ఏమీ పడలేదని ఒట్టేశాడు.

తర్వాత కొన్నాళ్ళకి పేటలో కంటి వైద్య శిబిరం పెడితే నానమ్మగారికి ఆపరేషను చేయించారు. చూపొచ్చాక మొదటిసారి మనవడితో, మా ఆడపడుచుతో కలిసి మా ఇంటికొచ్చారు. మావారు ఎదురెళ్ళి నమస్కారం చేశారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఆయన్ని తలనుంచి పాదాల దాకా నిదానంగా చూశారు.

"నువ్వేనా బాబూ?" అన్నారు. "వాసన బట్టి ఇంకాస్త అందగాడివనుకున్నా."

"అవునండి" అన్నారు మావారు, ఆయన పద్ధతిలోనే. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, గడప ఎత్తుగా ఉంటుందని చెప్పి లోపలికి తీసుకొచ్చారు.