నాలుగో తరగతి గోడకు రెండో మేకు

గోడలు కట్టించినవాళ్లకు చరిత్రలో చోటుంది గాని, గోడలకు మేకులు కొట్టినవాళ్లను ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. ఆ లోటు తీర్చదగిన మనిషి ఓ సర్కారు బడి అటెండరు. మేకు కొట్టేముందు మూడడుగులు వెనక్కి వేసి, ఎడమకన్ను మూసి, ఊపిరి బిగబట్టి గోడను చూసేవాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన తగిలించిన పటం ఒక్కటీ వంకరపోలేదు. టీచర్లు ‘ఒంటికన్ను ఇంజనీరు’ అనేవారు. ఆయన కాదనేవాడు కాదు.

ప్రతి తరగతిలోనూ పవిత్రగ్రంథంలోని వాక్యాల పటం పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంతటి మహత్కార్యం తన సుత్తి మీద ఆధారపడిందని తెలిసి ఆయన ఛాతీ ఓ అంగుళం పెరిగింది. నాలుగో తరగతిలో పటం తగిలించి మురిసిపోతుంటే, బడి ఊడ్చే ఆయమ్మ కూతురు లేచి నిలబడింది. వాళ్లింట్లో చదివే గ్రంథం వేరు.

“బాబాయ్, మా పుస్తకంలోది ఎప్పుడు పెడతావ్?”

ఆయనకు చమత్కారం తన్నుకొచ్చింది. “మీ పుస్తకానికి మేకు మిగల్లేదమ్మా!”

తరగతంతా గొల్లుమంది. టీచరమ్మ హాజరుపట్టీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాటను ఆయన సాయంత్రంలోగా స్టాఫ్ రూములో నాలుగుసార్లు చెప్పుకున్నాడు.

మర్నాడు ఆ పిల్ల స్టోరుగది గుమ్మంలో పెన్సిల్ డబ్బా తెరిచింది. లోపల కాగితంలో చుట్టిన మేకు. వంగినదాన్ని రాయితో కొట్టి తిన్నగా చేసినట్టుంది.

“మా నాన్న పాత కుర్చీలోంచి పీకిచ్చాడు. ఇప్పుడు పెడతావుగా?”

ఆయన చొక్కా జేబులో గుప్పెడు మేకులున్నాయి. చప్పుడు వినబడుతుందేమోనని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. వేళాకోళానికన్నానమ్మా అందామనుకుంటూనే డబ్బాలోంచి ఆ మేకు తీసుకున్నాడు.

“పెడతాలే తల్లీ.”

ఇంకో పటం సంగతి హెడ్మాస్టరును అడుగుదామని ఆ గది దాకా వెళ్లాడు కూడా.

“ఏమయ్యా ఇంజనీరూ, మేకులు దొరికాయా?” అని హెడ్మాస్టరు పడీపడీ నవ్వాడు.

తనూ నవ్వి వెనక్కొచ్చేశాడు. నవ్వినందుకు చెవులు కాలిపోయాయి.

ఆ పిల్ల చూస్తుండగా పటం పక్కనే ఆ మేకు కొట్టాడు. ఈసారి వెనక్కి అడుగు వేయలేదు, కన్ను మూయలేదు.

“మా పటం ఎప్పుడొస్తుంది బాబాయ్?”

“వస్తుందమ్మా,” అన్నాడు గోడతో.

నెల తిరిగింది. ఆ మేకుకు ఇప్పుడు నల్లబల్ల తుడిచే గుడ్డ తగిలిస్తున్నారు.