మిద్దె మీద మడులు

నీళ్లది దొంగబుద్ధి. దూరేది ఒక చోట, బయటపడేది మరో చోట. స్టేషన్ ఘన్‌పూర్ మేస్త్రీ నబీసాబ్ ఈ సంగతి ముప్పై ఏళ్లుగా ఇంటింటా చెబుతూనే ఉన్నాడు. విన్నవాళ్లు తక్కువ. గోడ మీద తడి మరక కనబడగానే దాని మీద ఇంత సిమెంటు మెత్తి, రంగు వేసి, మళ్లీ వానల దాకా నిశ్చింతగా ఉంటారు జనం. కాకతీయుల నాటి మనుషులు చెరువు కడితే నీళ్లు ఏ తూములోంచి పోవాలో ముందే తేల్చుకున్నారు. ఆ చెరువుల కింద పంట తీసి బతుకుతూ కూడా మనం ఇంటి మీద నీటి దారి పట్టించుకోం. సరే, అదొక పురాణం, ఇప్పుడు విప్పితే తెమలదు.

రెండు వేల పదకొండు, సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు. భూపాలపల్లి బొగ్గుబాయిలు బందు కావడంతో కరెంటు వస్తే వచ్చినట్టు. రోజూ పొద్దున్నే దీక్షా శిబిరంలో కూర్చునే మహిపాల్ పటేలు, ఒకనాడు నలుగురి ముందు అనేశాడు.

"మా ఇంటికి నబీసాబ్ పోసిన స్లాబు రెండేండ్లు గూడ ఆగలే. లోపటి అర్ర గోడ మొత్తం నానింది."

మాపటికల్లా ఆ మాట నబీసాబ్ గుమ్మం ఎక్కింది. మూడో నాటికి, కొత్త ఇల్లు కట్టించుకోబోతున్న నెల్లికుదురు హన్మంత్ నుంచి కబురు: ఇప్పట్లో పని మొదలుపెట్టొద్దని.

"నీ చేతికి ఏమైంది జీ?" అంది భార్య చోటీ బీ.

"చేతికేం గాలే. పేరుకైంది."

మర్నాడు నబీసాబ్ పటేలు ఇంటికి వెళ్లాడు. మహిపాల్ భార్య కమలాదేవి తూర్పు గది చూపించింది. కప్పు అంచు నుంచి మనిషి ఎత్తు దాకా గోడ చెమ్మగిల్లి, రంగు పొక్కిపోయి ఉంది. రెండుసార్లు పూయించిన సిమెంటు పెచ్చులూడుతోంది. నబీసాబ్ వేలితో తట్టాడు. తెల్లగా లేచిన ఉప్పుపొడిని రుద్ది చూశాడు.

"గీ మరక మీద ఇంకేం పూయకు అమ్మా. గిది చీము. పుండు వేరే తాన ఉన్నది. ముందుగాల గీ అర్ర ఫ్యూజు తీపియ్యి, తడిగోడకు కరెంటు మంచిది గాదు."

పైకెక్కి చూస్తే పగులు లేదు. తప్పు నిజంగా తనదే అయితే?

వాన తెరిపిచ్చి నాలుగు రోజులైంది. బంకమట్టి తెచ్చి, జానెడు ఎత్తు కట్టలు పోసి, మిద్దెను నాలుగు మడులు చేశాడు. రోజుకొక మడిలో నీళ్లు నింపడం, కింద గోడను కనిపెట్టుకుని కూర్చోవడం. మోటారు నడవక బావి నీళ్లే మోయాల్సి వచ్చింది. కమలాదేవి కూడా బిందె ఎత్తుకుంది.

"నారు పంపియ్యమంటవా నబీసాబ్, నాటేస్తవా?"

"పంపు అమ్మా. పటేలు శిబిరం నుంచి వచ్చి కలుపు తీస్తడు."

తడిగోడకు సరిగ్గా పైనున్న మడి నింపితే చుక్క కారలేదు. రెండోదీ అంతే. మూడోది పడమటి మూల, తడిగోడకు ఆ కొస. దాన్ని నింపిన గంటకు ఇక్కడ తూర్పు గోడ మీద, స్విచ్‌బోర్డు పైనుంచి సన్నగా నీళ్లు దిగాయి. నబీసాబ్ పరుగున పైకెక్కాడు. ఆ మూలనే, రైల్లో పోయేవాళ్లకు కూడా కనబడాలని మహిపాల్ నిలబెట్టిన తెలంగాణ జెండా. దాని ఇనుప గొట్టాన్ని స్లాబుకు తూటు కొట్టి దిగేశారు. ఆ తూటు, స్లాబు లోపల వైర్ల కోసం వేసిన పైపును పగలగొట్టింది. వాన నీరు ఆ పైపునే సొరంగంలా పట్టుకుని ఇల్లంతా దాటి తూర్పున తేలుతోంది.

సాయంత్రం మహిపాల్ విన్నాడు. మొహం మాడ్చాడు.

"జెండా పీకమంటవా? గిప్పుడా? ఊరు నన్నేమంటది?"

ఆ కాలంలో జెండా మీద చెయ్యి వేయమనడం చిన్న సంగతి కాదు. నబీసాబ్ నెమ్మదిగా అన్నాడు.

"పీకమంటలేను పటేలా. జాగ మార్చమంటున్న. పిట్టగోడకు బయటి దిక్కు ఇనుప పట్టీలేసి నిలబెడత. ఇంకో గజం ఎత్తున ఎగురుతది."

"రాష్ట్రం వచ్చేదాక ఇల్లు గూడ నిలవాలె గద," అంది కమలాదేవి.

జెండా మారింది. నబీసాబ్ తూటును వెడల్పు చేసి, పగిలిన పైపు బాగు చేసి, ఆరాక చిక్కటి సిమెంటు కూరాడు. ఆ మడి మళ్లీ నింపి ఒక పగలూ రాత్రీ చూశాడు. చుక్క రాలేదు. లోపలి గోడ మీది పాత పూతంతా గీకేసి, ఇటుకలు కనబడేలా వదిలాడు.

"గిట్ల బోడిగోడతోటి ఎన్నొద్దులు?" అంది కమలాదేవి.

"దీపావళి దాక ఆగు అమ్మా. కిటికీలు తెరిచి పెట్టు. తాగిన నీళ్లు కక్కనియ్యి."

మహిపాల్ తప్పు ఒప్పుకున్నాడా అంటే, రాజకీయం చేసే మనిషికి ఆ మాట గొంతులో అడ్డం పడుతుంది. కానీ మర్నాడు శిబిరంలో మైకు అందినప్పుడు, రాష్ట్రం గురించి గట్టిగా మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించాడు.

"ఇంకోమాట. జెండా నిలబెట్టెటోళ్లు నా లెక్క స్లాబుకు తూట్లు కొట్టకుండ్రి. నబీసాబ్ పోసిన స్లాబుకు ఏం గాలే. తూటు కొట్టింది నేనే."

శిబిరం ఘొల్లుమంది. ఆ నవ్వులోనే మాట నెల్లికుదురు దాకా పోయింది. నాలుగో నాడు హన్మంత్ బండేసుకుని వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"కాక, మా ఇంటి పునాదికి ముగ్గు పోసేది ఎన్నడు?"

చోటీ బీ అప్పటికే రొట్టెలు మూట కడుతోంది. నబీసాబ్ తాపీ, తూకపు గుండు సంచిలో వేసుకుని బండి వెనక ఎక్కాడు.

"ఎన్నడో ఏంది? పా, ఎండ ఉండంగనే జాగ చూద్దాం."