పేరు రాయని పడవ

పడవలకు పూసే నీలం పెయింటు వాసన ఈ వయసులోనూ నాకు పడదు. మొన్న చిట్టమూరు అవతల మా పుట్టింటి రేవులో తమ్ముడు కొత్త పడవకు రంగేయిస్తుంటే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

నాకు పదేళ్ళప్పుడు, వేసవిలో సముద్రం మీద చేపల వేట నిషేధం నడిచే రోజుల్లో, మగవాళ్ళు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ, మేం పిల్లలం తాటిముంజెల నీళ్ళు మోచేతుల దాకా కార్చుకుంటూ, ఇంటింటా ఎండు నెత్తళ్ళ చేపలూ మామిడికాయా కలిసి ఉడికే వాసనలో పొద్దుపుచ్చుతుండగా, మా పాత పడవ అడుగు పగిలి ఇక పనికిరాదని తేలింది. తమిళనాడులో వాడిన పడవలు బాగా చవకని ఎవరో చెప్పగానే నాయన, చిన్నాయన బయల్దేరారు. లారీలో తెస్తే మిగిలిందంతా కిరాయికే పోతుంది కనక సముద్రం మీదే నడిపించుకొస్తామన్నారు.

మా రేవులో ఒక ఆనవాయితీ ఉండేది. పడవ మన ఒడ్డుకొచ్చాక పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, ఆ ఇంటి ఆడపిల్ల చేత పేరు రాయించాలి. పాత పేరు చెరిపేదీ అప్పుడే. అయినా అమ్మకు భయం. మా వలలు తెంచుకుపోయే తమిళనాడు బోట్లంటే తీరమంతా మండిపడుతున్న కాలమది.

"ఆ అరవ రాతలు ఆడనే చెరిపేసి రాండి. మనోళ్ళే పరాయోళ్ళనుకుంటారు" అంది.

నాయన సరేనన్నాడు కూడా. నేనే, మొండిదాన్ని, వెళ్ళేటప్పుడు ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను. "నేను రాసిందాకా ఎవురూ పాత పేరు మీద రంగేయకూడదు నాయనా!" నా నెత్తి మీద చెయ్యేసి, "అట్నేలేమ్మా" అని నవ్వాడు.

నిషేధం ముగిసిన మర్నాడు, నీలం పెయింటు డబ్బా మూత తీసి, కుంచె పట్టుకుని పొద్దున్నుంచీ ఒడ్డునే కూర్చున్నాను. పడవ వచ్చింది. చిన్నాయన ముఖానికి చుట్టిన తువ్వాలు నెత్తురుతో తడిసి ఉంది. దారిలో మన జిల్లావాళ్ళే ఆ తమిళ అక్షరాలు చూసి, చుట్టుముట్టి రాళ్ళు రువ్వారు. "మేము నెల్లూరోళ్ళమేరా!" అని నాయన గొంతు చించుకున్నా ఇంజన్ల మోతలో ఎవరికి వినబడుతుంది? దగ్గరికొచ్చి గుర్తుపట్టి, తలలు బాదుకుని, వాళ్ళే మా ఒడ్డుదాకా తోడొచ్చారు. ఏం లాభం! చిన్నాయన ఎడమ కన్ను పోయింది.

ఎందుకు చెరపలేదని అమ్మ నిలదీస్తే, నాయన నా వైపైనా చూడకుండా "మర్చిపోయినా" అన్నాడు. ఎన్నేళ్ళు గడిచినా అదే మాట. ఆ పడవకు నేను పేరు రాయలేదు. పిన్నమ్మ బతికున్నన్నాళ్ళూ నాయన్ని తిట్టిపోస్తూనే ఉంది. నేను నోరు మూసుకుని ఆమె కలిపి పెట్టిన ముద్దలు తిన్నాను. ఛీ, ఏం పిల్లనో!

ఇప్పుడు నాయన లేడు, పిన్నమ్మా లేదు. ఆడపిల్ల చేత పేరు రాయించడమూ పోయింది, నెల్లూరులో స్టిక్కర్ చేయించి అతికిస్తున్నారు. మొన్న తమ్ముడు ఆ స్టిక్కర్ విప్పుతుంటే, చిన్నాయన తల ఓ పక్కకు తిప్పి, ఉన్న ఒక్క కంటితో చూశాడు.

"ఇదేందబ్బా? మీ అక్క చేత రాయించకూడదా? అప్పుడు తానే రాయాలని ఎంత ఏడ్చిందో! మీ నాయన దారి పొడుగూతా అదే చెప్పి మురిసిపోయినాడు."

అంటే ఆ పేరు చెరపనిది నా కోసమేనని చిన్నాయనకు మొదట్నించీ తెలుసు. పిన్నమ్మ తిట్లన్నీ పక్కనే ఉండి విన్నాడు, నా పేరు ఒక్కనాడూ ఎత్తలేదు.

కుంచె నా ముందుకు చాపాడు. ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగుతోనే కళ్ళు తుడుచుకుని, అందుకున్నాను.