వెర్నాస్సి వారి తోటలో రైలు గేటు

జెరోలమో ముత్తాత వెర్నాస్సి దొరల యుద్ధనౌకలో తెడ్డు వేసేవాడు. ఒక పోరులో కుడిభుజం విరిగి ఇక తెడ్డుకు పనికిరాకుండా పోతే, దొరలు అతన్ని వదిలెయ్యకుండా ఒడ్డునున్న తమ మేడ తోటలో పని ఇచ్చారు. అప్పటినుంచి నాలుగు తరాలుగా ఆ తోట ఆ ఇంటి మగవాళ్ల చేతుల్లోనే పెరిగింది. ఇటలీలో జెనోవా రేవుకు పడమటి కొసన, మేడ మెట్ల దగ్గర మొదలై సముద్రపు గోడ దాకా దిగే తోట అది. నడుమ నలభై ఒక్క పుల్లనారింజ చెట్లు. ఏ చెట్టుకు ఏ కొమ్మ మొండిదో జెరోలమోకు తెలుసు.

దొరల ఓడలు మాత్రం ఎప్పుడో పోయాయి. సముద్రపు దొంగలను తరిమికొట్టిన పెద్దలంతా హాలు పైకప్పు మీది బొమ్మల్లో మిగిలారు. ఇప్పటి దొర ఒత్తావియో కాపురం రాజధాని తురిన్‌లో. పడవ ఎక్కడమంటేనే ఆయనకు గిట్టదు. మేడలో ఉండేది ఆయన తల్లి, వియోలాంతె దొరసాని ఒక్కతే. ఏటా మే నెలలో, వంశానికి పేరు తెచ్చిన నౌకాధిపతి లాజరో చనిపోయిన రోజున, ఆమె తోటగుండా నడిచి, గోడలో ఉన్న సముద్రపు గుమ్మం దగ్గర ఒక నారింజ పూలకొమ్మను నీళ్లలో వదిలేది. ఆ కొమ్మ కోసి ఇవ్వడం జెరోలమో వంతు.

1852 వేసవిలో ఒక పొద్దున, ముగ్గురు మనుషులు తోటలోకి వచ్చి నారింజ చెట్ల మధ్య మేకులు దిగగొట్టడం మొదలెట్టారు.

"ఏం బాబూ, ఏం పాతుతున్నారు? ఇక్కడ మేకులు మొలవవు," అన్నాడు జెరోలమో.

వాళ్లలో ఇంజనీరు నవ్వాడు. "రైలు మొలుస్తుంది పెద్దాయనా. తురిన్ నుంచి రేవుదాకా. మీ దొర సంతకం పెట్టేశాడు, నీకు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. దొరసానికీ చెప్పలేదు. ఆమె కొడుక్కు మూడు ఉత్తరాలు రాసింది. మూడో దానికి జవాబుగా దొరే స్వయంగా వచ్చాడు. జెరోలమో టోపీ చేత్తో పట్టుకుని ఎదుట నిలబడ్డాడు.

"అయ్యా, రైలు ఆపమని నేననను. ఆగస్టులో చెట్టు పీకితే చచ్చిపోతుంది. ఫిబ్రవరి దాకా ఓపిక పట్టమనండి. మేడ వెనక పైతోటలోకి ఒక్కొక్కటే మార్చుకుంటాను."

"నేను చెబితే వాళ్లు వినరు, జెరోలమో. ఇది రాజుగారి పని," అన్నాడు దొర కిటికీకేసి చూస్తూ. "నీకేం భయం లేదు. రైలు వాళ్లతో మాట్లాడాను. దారి దాటేచోట గేటు పెడతారు. కాపలా ఉద్యోగం నీకే."

ఆ రాత్రి భార్య బెనెదెత్తా పచ్చడి కోసం ఆ ఊరి తులసాకు రోట్లో నూరుతూ అంతా విన్నది. "బాగుందయ్యా. మీ ముత్తాత తెడ్డు వేశాడు, నువ్వు గేటు వేస్తావు. ఈ దొరలకింద మనం ఎప్పుడూ ఏదో ఒకటి వెయ్యాల్సిందే," అంది. అతను నవ్వకపోయేసరికి రోలు పక్కన పెట్టి అతని పళ్లెంలో శనగపిండి రొట్టె ఇంకొక ముక్క వేసింది.

కూలీలు వచ్చేలోపల అతను వేళ్లచుట్టూ మట్టితో సహా పదకొండు చెట్లు తవ్వి, ఎద్దులబండి మీద పైతోటకు చేర్చాడు. మిగతా ముప్పై చెట్లూ రెండే రోజుల్లో గొడ్డళ్లకు పోయాయి. తెచ్చిన వాటికి పొద్దునా సాయంత్రం నీళ్లు మోశాడు, గోనెసంచులతో నీడ కట్టాడు. ఆకులు ముడుచుకున్నాయి. రోజూ గోటితో బెరడు గీకి చూసేవాడు, లోపల పచ్చగా ఉందేమోనని. క్రిస్మస్ నాటికి తొమ్మిది ఎండిపోయాయి. పదోది వసంతంలో చిగురు చూపించి, ఆశపెట్టి, చచ్చింది. ఒక్కటి బతికింది.

రైలు వచ్చింది. జెరోలమోకు ఇత్తడి గుండీల కోటు, ఎర్రజెండా ఇచ్చారు. మరుసటి మే నెలలో దొరసాని నల్లబట్టలు కట్టుకుని, కర్ర పట్టుకుని, పనిమనిషి ఆసరాతో దిగి వచ్చింది. బతికిన చెట్టుకు పూసిందే కొద్దిగా. అందులోంచి కోసిన కొమ్మ ఆమె చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడే ఈల వినబడింది. జెరోలమో గేటు దించాడు.

"తియ్యి జెరోలమో. నేను దాటిపోతాను."

"తియ్యకూడదమ్మా. బండి వస్తోంది."

"ఎవరి నేల మీద నిలబడి ఎవర్ని ఆపుతున్నావురా?"

జెరోలమో తల వంచుకున్నాడు, గేటు మాత్రం ఎత్తలేదు. బండి పోయింది. దాని వెనకే బొగ్గుబండి వచ్చి, ముందు దారి లేక, గేటుకు అడ్డంగా ఆగిపోయింది. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. జెరోలమో డ్రైవరు దగ్గరికి పరుగెత్తాడు.

"అయ్యా, ముసలామె నిలబడింది, కాస్త వెనక్కి తియ్యి."

"స్టేషన్‌నుంచి జెండా గుర్తు రావాలి తాతా. నేను మాత్రం ఏం చెయ్యను?"

తిరిగి వచ్చేసరికి దొరసాని కంకరకుప్ప మీద కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. కొమ్మ అతని చేతికిచ్చి, "నువ్వే వెయ్యి నాయనా. నావల్ల కాదు," అని పనిమనిషి భుజం పట్టుకుని మెల్లగా మెట్లెక్కింది.

డ్యూటీ అయ్యేదాకా గేటు వదలకూడదు. ఒక చేత్తో జెండా, మరో చేత్తో కొమ్మ పట్టుకుని పొద్దు గూకేదాకా నిలబడ్డాడు. దిగి వెళ్లేసరికి పూలు వాడిపోయాయి. సముద్రపు గుమ్మం దగ్గర బొగ్గు పడవలు కట్టి ఉన్నాయి. నీటి మీద నల్లటి పొడి తేలుతోంది. రెండు పడవల సందులో కొమ్మ వదిలాడు. అది కదల్లేదు. కాసేపు చూసి ఇంటికి వచ్చాడు.

దొరసాని మళ్లీ కిందికి రాలేదు. ఆ చలికాలంలోనే పోయింది. ఒత్తావియో దొర సముద్రపు వైపు నేలంతా గోదాములకు అమ్మేశాడు.

జెరోలమో ఆ గేటు దగ్గర పంతొమ్మిదేళ్లు పనిచేశాడు. ఒకసారి ఆగిన రైలు కిటికీలోంచి ఎవరో పైఊరి పెద్దమనిషి, "ఆ మేడ ఎవరిదయ్యా?" అని అడిగాడు.

"తెలియదండి. నేను గేటు మనిషిని," అన్నాడు జెరోలమో.

భోజనం తెచ్చిన బెనెదెత్తా ఆ మాట విని, రైలు కదిలాక అడిగింది: "అదేమిటయ్యా, అలా చెప్పావు?"

అతను గేటు ఎత్తి, అవతల కాచుకున్న బండ్లను రమ్మని చెయ్యి ఊపాడు.