ఆగిన పలక

శైలేందర్‌ది ఒకటే మాట. పద్నాలుగేళ్లుగా ఎవరు కదిలించినా అదే: "నేను కండ్లార చూసిన. పలక ఆగింది."

మహారాష్ట్రలోని భివండీలో మరమగ్గాల మీద పనిచేసిన నాటి సంగతి. నేతలో పోగు తెగింది. శైలేందర్ మోటారు ఆపాడు. పోగును దగ్గరికి కొట్టే బరువైన పలక నెమ్మదించి, వెనక్కి వెళ్లి నిలిచింది. "ఆగింది, చెయ్యి పెట్టు" అన్నాడు పక్కనున్న బామ్మర్ది బాలరాజుతో. బాలరాజు చెయ్యి పెట్టాడు. ఆఖరి ఊపుతో పలక మళ్లీ ముందుకొచ్చింది. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

చూడకుండానే చెప్పాడని బాలరాజు కోపం. చూసే చెప్పానని శైలేందర్ పంతం. ఇద్దరూ ఇప్పుడు దుబ్బాకలోనే, రెండు గల్లీల దూరంలో ఉంటారు. మాటల్లేవు. చేతిమగ్గం మీద తువ్వాళ్లు నేస్తూ శైలేందర్ కోరుకునేది ఒక్కటే: తన మాట నిజమని బామ్మర్ది ఒక్కసారి ఒప్పుకోవాలి.

కూతురు వినీత ఇంటర్ ఎంపీసీ. ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే ఏడుపొక్కటే తక్కువ. అందుకని ఆదివారాలు బండి మీద సిద్దిపేట తీసుకెళ్తాడు. రిటైరైన లెక్చరర్ రాజేంద్రప్రసాద్ సార్ లెక్కలు చెబుతుంటే తను గడప దగ్గర కూర్చుంటాడు.

ఆ ఆదివారం సార్ సుద్దముక్కను పైకి విసిరి పట్టుకున్నారు.

"పై కొసన దీని వేగమెంత బిడ్డా?"

"సున్నా సార్."

"త్వరణం? అంటే వేగంల మార్పు?"

"అది గూడ సున్నానే."

"ఆగినంక ఇంకేముంటది సార్?" గడప దగ్గర్నుంచి శైలేందర్ వంత పాడాడు.

"మంచిగున్నది! తండ్రీబిడ్డలకు ఒకటే తప్పు" అని సార్ నవ్వారు. "ఎత్తు ఇరవై టీ మైనస్ అయిదు టీ స్క్వేర్ అనుకో. డెరివేటివ్ చెయ్యి."

వేగం ఇరవై మైనస్ పది టీ అని తేలింది. రెండు సెకన్లకు సున్నా. ఇంకోసారి చేయమన్నారు. త్వరణంగా మైనస్ పది మిగిలింది. అందులో కాలాన్ని చెప్పే టీ లేనే లేదు.

"చూసినవా? వేగం సున్నా అయిన క్షణంల గూడ కిందికి గుంజుడు ఆగలే."

శైలేందర్ లేచి నిలబడ్డాడు. "సార్... ముందుకెనుకకు ఊగే పలకైతే? వెనక కొసన?"

"గాడ గూడ గంతే. క్షణం నిలవడ్డట్టుంటది. ముందుకు గుంజుడు మాత్రం ఉంటనే ఉంటది."

"బాపూ, ఏమైంది?" అంది వినీత. శైలేందర్ కళ్ల ముందు భివండీ మగ్గమే ఉంది. తన కళ్లు అబద్ధం చెప్పలేదు. పలక ఆగింది. అయినా చెయ్యి పెట్టమనడం తప్పు. ఇన్నేళ్లూ తనను కాపాడుతుందనుకున్న నిజమే తనను పట్టించింది.

దుబ్బాకలో వినీతతో సహా బండి సరాసరి బాలరాజు నూలు దుకాణం ముందు ఆగింది.

"దారి తప్పినవా బావా?" అన్నాడు బాలరాజు, తల ఎత్తకుండానే.

"చూసే చెప్పిన. పలక ఆగింది. గని ఆగినంత మాత్రాన చెయ్యి పెట్టుమనొద్దుండె. తప్పు నాదే."

బాలరాజు నూలు చుట్టిన కండెను చేతిలో పట్టుకునే తల ఎత్తాడు. "గీ మాటకు పద్నాలుగేండ్లా?"

"ఇయ్యాల్నే తెలిసింది. పిల్ల లెక్కల. పైకి ఇసిరింది కొసన ఆగుతదట, గుంజుడు మాత్రం ఆగదట."

బాలరాజు కండెను పైకి విసిరాడు. మూడు వేళ్ల చేత్తో పట్టుకుని వినీత వైపు తిరిగాడు.

"గాడ పైన ఆగిందా బిడ్డా?"

"ఆగింది మామా."

"మల్ల ఎందుకు వడ్డది? కూసో, జెర మంచిగ చెప్పు" అని మేనకోడలికి స్టూలు జరిపాడు. ఇంకో స్టూలును కాలితో బావ వైపు తోశాడు.