తేలు కుట్టిన దొర

ఆ రోజుల్లో మా ఇంటికి మిగిలినవి పెంకులు జారిన వసారా, ముత్తాత కూర్చున్న, పేము అల్లిన టేకు కుర్చీ. భూములు పోయాయి, బండ్లు పోయాయి. అధికారి వస్తే ఆ కుర్చీలోంచి లేవకూడదన్న నియమం మాత్రం పోలేదు. (నియమాన్ని ఎవరూ కొనరు కదా.) "బిడ్డా, నువ్వు లేచిన్నాడే మనం కిందబడ్డట్టు" అనేది నాయనమ్మ. నాకు ఇరవై నిండాయి. వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చోవడం తప్ప మరో ఉద్యోగం లేదు.

ఒక వేసవి ఉదయం గొల్లపల్లిలో మా వసారా ముందే, కొత్తగా వచ్చిన సర్కారు డాక్టరు తేలు కాటు, సాలీడు కాటు గురించి మీటింగు పెట్టాడు. ఊరంతా నేల మీద కూర్చుంది. నేను హుందాగా వచ్చి, దులపకుండానే కుర్చీలో కూర్చున్నాను. (దులపడం పనివాళ్ల వంతు; పనివాళ్లు లేక చాలా ఏళ్లయింది.) కూర్చోగానే తొడ వెనక నిప్పు అంటుకున్నట్టయింది. సరిగ్గా అప్పుడే డాక్టరు నా ఎదుటికి వచ్చి నమస్కారం పెట్టాడు. ఇప్పుడు లేస్తే ఆయన కోసం లేచినట్టే. తేలు కుట్టిన దొంగ అరవడని అంటారు. దొర కూడా అరవలేదు.

"తేలు కుడితే గట్టిగ కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు. సబ్బుతోని కడిగి, చల్లటి గుడ్డ పెట్టి అస్పతాల్‌కు తేవాలె" అన్నాడు డాక్టరు. "చెమటలు పోసి, చేతులు చల్లబడి, వాంతులైతే పానం మీదికొచ్చినట్టే."

ఆయన ఒక్కో లక్షణం చెప్పడం, అది నాకు రావడం. ఒకప్పుడు మా పొలం దున్నిన ముసలి మామ నా మొహం చూశాడు.

"ఏంది దొరా, గట్ల తడిసినవ్?"

"మా ఇంట్లో వేసవికి చెమట పడుతుంది" అన్నాను.

మామ నా చెయ్యి ముట్టుకున్నాడు. "సార్, మంచు లెక్కుంది!"

డాక్టరు నాడి పట్టి, "లేవండి, జీపెక్కండి" అన్నాడు.

"లేవను."

"ఎందుకు?"

లోపలినుంచి నాయనమ్మ జవాబిచ్చింది: "మా ఇంట్ల లెవ్వరు!"

"సచ్చినంకైతే మేమే లేపాలె గద" అంటూ మామ పక్కవాళ్లను పిలిచాడు. కుర్చీతో సహా నన్ను ఎత్తారు. కుర్చీ అల్లికలోంచి తేలు జారి, తన దారిన వెళ్లిపోయింది. (గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మ, మనవడు బతుకుతాడో లేదో మరిచి, ఆ ఊరేగింపు చూసి మురిసిపోయిందట.)

ఆసుపత్రిలో డాక్టరు మాత్ర మింగించి, "కుట్టిన చోటు చూడాలి" అన్నాడు. అలా మా వంశంలో మొదటిసారి ఒక అధికారి ముందు లేచి నిలబడ్డాను, అదీ ఆయనకు వీపు తిప్పి, పంచె పైకెత్తి.

ఆకాశమేమీ కూలలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా లేస్తున్నాను. ఈ వయసులో నడుము పట్టేయడం వల్ల కాస్త ఆలస్యమవుతుంది. కొత్తవాళ్లు దాన్ని దర్పమనుకుంటారు. నేనూ కాదనను.